విశాఖపట్నం నుంచి తిరుపతికి విమాన దూరం ఎంత, ప్రయాణానికి నిజంగా పట్టే సమయం ఎంత?

రాజాం నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. తల్లిదండ్రులిద్దరినీ విశాఖపట్నం నుంచి విమానంలో తిరుపతికి తీసుకువెళ్లి, అదే రోజు మధ్యాహ్నం మూడు గంటలకు మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం చేయించాలని ఆయన అనుకుంటున్నారు. ఇంటర్నెట్‌లో దూరం వెతికితే ఒక చోట 601 అని, మరో చోట 374 అని, ఇంకో చోట 325 అని కనిపించింది. ప్రయాణ సమయం ఒక చోట 45 నిమిషాలు, మరో చోట గంటా పావు. చేతిలో ఉన్న టికెట్టులో మాత్రం పది గంటల ఇరవై నిమిషాలకు బయలుదేరి పన్నెండింటికి చేరుతుందని, అంటే గంటా నలభై నిమిషాలని ఉంది. వీటిలో ఏది నిజం, దేన్ని నమ్మి దర్శనం వేళ పెట్టుకోవాలి అన్నది ఆయన సందేహం.

నేను ఒక విమానయాన సంస్థలో చాలా ఏళ్లు ఫ్లైట్ డిస్పాచ్ విభాగంలో పనిచేశాను. విమానం ఏ దారిన, ఎంత ఎత్తున వెళ్లాలో, ఎంత ఇంధనం నింపుకోవాలో, ఎన్ని నిమిషాలు పడుతుందో ముందుగా లెక్కగట్టి పైలట్ చేతికి ఇచ్చే పని అది. ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను. మన రెండు జిల్లాల నుంచి ఇలా పెద్దవాళ్లను తీసుకుని బయలుదేరేవారు తరచుగా అడిగే ప్రశ్నే కనుక కొంచెం వివరంగా చెబుతాను. ముందుగా అసలు సమాధానం: మీరు చూసిన అంకెల్లో ఏదీ ఊరికే వేసినది కాదు, ఒక్కోటి ఒక్కో లెక్క. కానీ దర్శనం వేళ నిర్ణయించుకోవడానికి వాటిలో ఏ ఒక్కటీ సరిపోదు.

దూరం సంగతి సులువుగా తేలిపోతుంది. 601 అన్నది కిలోమీటర్లు. 374 అన్నది మామూలు మైళ్లు, అంటే 1.609 కిలోమీటర్లకు ఒకటి చొప్పున. 325 అన్నది నాటికల్ మైళ్లు, అంటే 1.852 కిలోమీటర్లకు ఒకటి చొప్పున. ఒకే దూరాన్ని మూడు కొలమానాలతో కొలిచారు, అంతే. విమానాల వాళ్లు, ఓడల వాళ్లు వాడేది నాటికల్ మైలు. భూగోళం మీద ఒక డిగ్రీ అక్షాంశాన్ని అరవై భాగాలు చేస్తే వచ్చే ఒక్కో భాగం పొడవు దాదాపు ఒక నాటికల్ మైలు కాబట్టి, పటం మీద డిగ్రీలు చూసి దూరం చెప్పడం వాళ్లకు తేలిక. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక నాట్ అంటారు.

ఈ దూరాన్ని ఎవరి మీదా ఆధారపడకుండా కాగితం మీద మీరే లెక్కగట్టుకోవచ్చు. విశాఖపట్నం విమానాశ్రయం 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయం 13.63, 79.54 డిగ్రీల దగ్గర ఉంది. అక్షాంశాల తేడా 4.09 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశానికి 111 కిలోమీటర్లు కనుక ఉత్తర దక్షిణాలుగా 454 కిలోమీటర్లు వచ్చింది. రేఖాంశాల తేడా 3.68 డిగ్రీలు. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి మన ప్రాంతంలో ఒక డిగ్రీకి 107 కిలోమీటర్లే వేసుకోవాలి. ఆ లెక్కన తూర్పు పడమరలుగా 394 కిలోమీటర్లు. ఇక మిగిలింది పదో తరగతిలో చదువుకున్న లంబకోణ త్రిభుజమే. 454 వర్గం 2,06,116, 394 వర్గం 1,55,236, రెండూ కలిపితే 3,61,352, దాని వర్గమూలం 601. వేల కిలోమీటర్ల దూరాలకు భూమి గుండ్రదనాన్ని కూడా లెక్కలోకి తీసుకునే సూత్రం కావాలి గానీ, మన రాష్ట్రంలోని రెండు ఊళ్ల మధ్య దూరానికి ఈ పద్ధతిలో ఒకటి రెండు కిలోమీటర్లకు మించి తేడా రాదు.

రోడ్డు మీద ఇదే ప్రయాణం 750 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అంత తేడా ఎందుకో పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే కళ్లకు కడుతుంది. మన కోస్తా తీరం వంచిన విల్లులా ఉంటుంది, జాతీయ రహదారి ఆ విల్లు వెంబడే తుని, రాజమండ్రి, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు మీదుగా తిరుగుతూ పోతుంది. విశాఖ నుంచి తిరుపతికి గీసిన సరళరేఖ ఆ వింటికి కట్టిన నారి. అది విశాఖ దాటగానే సముద్రం మీదికి వెళ్లి, గోదావరి డెల్టా కొసను తాకుతూ మళ్లీ బంగాళాఖాతం మీదుగా సాగి, నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం పరిసరాల్లో గాని పూర్తిగా నేల మీదికి రాదు. విమానం సరిగ్గా ఆ గీత మీదే వెళ్లదు. ఆకాశంలోనూ నిర్ణయించిన దారులు, ఆ దారుల్లో పేర్లు పెట్టిన మలుపులు ఉంటాయి. నేను చూసినంతవరకు ఇలాంటి చిన్న ప్రయాణాల్లో అసలు ప్రయాణించే దూరం సరళరేఖ కంటే నూటికి ఐదు నుంచి పది వంతులు ఎక్కువే ఉంటుంది.

ఇక సమయం దగ్గరికి వద్దాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మీరు చూసిన 45 నిమిషాలు ఎలా వచ్చిందో చెబుతాను. కొన్ని లెక్కల సైట్లు విమానం గంటకు 500 మైళ్ల వేగంతో మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం వరకు ఒకే తీరుగా పోతుందని అనుకుని, 374 మైళ్లను 500తో భాగిస్తాయి. అది సరిగ్గా 45 నిమిషాలు. మరికొన్ని సైట్లు ఆ పైన ఎక్కడానికి, దిగడానికి అరగంట కలుపుతాయి. అది గంటా పావు. రెండింటిలోనూ ఏ రకం విమానమో, గాలి ఎటు వీస్తోందో, ఏ రన్‌వే మీద దిగుతుందో లేదు. ఎక్కువ దూరాలకు ఈ పద్ధతి కొంతవరకు పనికివస్తుంది. ఢిల్లీకో, సింగపూర్‌కో వెళ్లే విమానం ఎక్కువసేపు పైన సమతలంగా ఎగురుతుంది కాబట్టి ఎక్కడం, దిగడం అందులో చిన్న భాగం. మనలాంటి దగ్గరి ప్రయాణాల్లో పరిస్థితి తలకిందులవుతుంది.

ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్ విమానం ముప్పై వేల అడుగుల ఎత్తుకు చేరేసరికి సుమారు నూరు నాటికల్ మైళ్లు ముందుకు పోతుంది. దిగేటప్పుడు ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్ల చొప్పున దూరం కావాలన్నది పైలట్లందరికీ నోటికి వచ్చిన లెక్క. ఆ ప్రకారం ముప్పై వేల అడుగుల నుంచి దిగడానికి తొంభై, వేగం తగ్గించుకోవడానికి మరో పది. అంటే 325 నాటికల్ మైళ్లలో రెండు వందలు ఎక్కడానికి, దిగడానికే సరిపోయాయి. మిగిలిన 125 మైళ్లను నిండు వేగంతో దాటడానికి పట్టేది పదిహేడు నిమిషాలు. పది వేల అడుగుల కింద వేగం 250 నాట్లకు మించకూడదన్న నియమం కూడా ఉంది కాబట్టి మొదటి నిమిషాల్లోనూ చివరి నిమిషాల్లోనూ జెట్ విమానమైనా తన శక్తి చూపించలేదు.

ఇప్పుడు మీ టికెట్టులోని గంటా నలభై నిమిషాలు చూద్దాం. ఆ సమయాన్ని బట్టి అది ఏటీఆర్ 72 అయి ఉండాలి, అంటే రెక్కలకు పంకాలు ఉండే, డెబ్బై మందికి పైగా పట్టే విమానం. బుక్ చేసేటప్పుడు సర్వీసు నంబరు పక్కన విమానం రకం రాసి ఉంటుంది, ఒకసారి సరిచూసుకోండి. ఏటీఆర్ నిండు వేగం 275 నాట్లు, అంటే గంటకు సుమారు 510 కిలోమీటర్లు. 325ను 275తో భాగిస్తే 71 నిమిషాలు. మెల్లగా ఎక్కడం వల్ల, దిగే ముందు వేగం తగ్గించడం వల్ల ఒక పది నిమిషాలు, దారి సరళరేఖ కాకపోవడం వల్ల నాలుగైదు నిమిషాలు, నేల మీద నడవడానికి రెండు చివరలా కలిపి పదిహేను నిమిషాలు వేసుకుంటే నూరు నిమిషాలు దాటుతుంది. మీ టికెట్టులో ఉన్నది సరిగ్గా అదే. ఇదే దూరాన్ని జెట్ విమానం అన్నీ కలుపుకుని గంటా పావు, గంటా ఇరవై నిమిషాల్లో ముగిస్తుంది. నిండు వేగంలో ఏటీఆర్ కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉన్న విమానం చివరికి ఆదా చేసేది ఇరవై నిమిషాలు మాత్రమే.

టికెట్టులో వేసే సమయాన్ని మా వృత్తిలో బ్లాక్ టైమ్ అంటారు. విమానం నిలబడి ఉన్నప్పుడు కదలకుండా చక్రాలకు అడ్డంగా పెట్టే దిమ్మలు తీసి అది కదిలిన క్షణం నుంచి, గమ్యంలో ఆగి మళ్లీ దిమ్మలు పెట్టే క్షణం దాకా ఉన్న సమయం అది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, విమాన సమయానికి ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే. చక్రాలు నేల విడిచిన దగ్గర నుంచి నేలను తాకేదాకా ఉండేది గాలిలో ఉండే సమయం, అది వేరు. విమానం దిగిన తర్వాత "గంటా ఇరవై నిమిషాలే పట్టింది" అని ఒకరు, "గంటా నలభై పట్టింది" అని ఒకరు చెబితే ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు.

ఈ తేడాను ఒకసారి గడియారం పెట్టుకుని మరీ చూశాను. ఉద్యోగం మానేసిన తర్వాత విశాఖ నుంచి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి ఏటీఆర్‌లో వెళుతూ, కిటికీ పక్క సీటులో కూర్చుని చిన్న పుస్తకంలో నిమిషాలు రాసుకున్నాను. టికెట్టులో గంటా పది నిమిషాలని ఉంది. ఈ రెండు విమానాశ్రయాల మధ్య సరళరేఖ దూరం 290 కిలోమీటర్లు, అంటే 157 నాటికల్ మైళ్లు. తలుపు వేళకు ఐదు నిమిషాల ముందే మూశారు. విమానం కదిలాక తొమ్మిది నిమిషాలకు చక్రాలు నేల విడిచాయి. ఆ సరళరేఖ రాజమండ్రి మీదుగానే పోతుంది. రెక్కలు పైన ఉండే విమానం కనుక కిందిదంతా అడ్డు లేకుండా కనిపిస్తుంది. నేల విడిచిన ఇరవై ఆరో నిమిషానికి గోదావరి, దాని మీద ఆర్చీలు ఆర్చీలుగా రైలు వంతెన కనిపించాయి. నలభై ఎనిమిదో నిమిషానికి చక్రాలు నేలను తాకాయి, మరో ఐదు నిమిషాలకు ఆగింది. మొత్తం 62 నిమిషాలు. టికెట్టులో చెప్పిన దానికంటే ఎనిమిది నిమిషాలు ముందే వచ్చామని పక్కన కూర్చున్న పెద్దాయన సంతోషించారు. ఆ ఎనిమిది నిమిషాలు సంస్థ ముందుగానే కలిపి ఉంచుకున్న వెసులుబాటు. నిర్ణీత వేళకు పదిహేను నిమిషాల లోపు తేడా ఉంటే ఆ సర్వీసును సమయానికి నడిచినట్టుగానే మన దేశంలో లెక్కిస్తారు కాబట్టి, సంస్థలు సమయపట్టికలో కొంత జాగా వదులుకుంటాయి. అందులో దోషం ఏమీ లేదు, ప్రయాణికుడికీ అది మేలే.

గాలి సంగతి కూడా చెప్పాలి. విశాఖ నుంచి తిరుపతి నైరుతి దిశలో ఉంది. పడమర నుంచి గాలి బలంగా వీస్తే వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి అవుతుంది, వచ్చేటప్పుడు వెన్నుగాలి అవుతుంది. ఇరవై నాట్ల ఎదురుగాలి ఉంటే ఏటీఆర్ నేల మీది వేగం 275 నుంచి 255కు తగ్గి, 71 నిమిషాల ప్రయాణం 76 నిమిషాలు దాటుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి 295 నాట్లకు పెంచి 66 నిమిషాలకు దించుతుంది. రానుపోను పది నిమిషాల తేడా అన్నమాట. నైరుతి ఋతుపవన కాలంలో మన ఆకాశంలో కింది స్థాయిలో పడమటి గాలులు, చాలా ఎత్తున తూర్పు గాలులు వీస్తాయి. అందుకే ఒకే రోజు ఒకే దారిలో తక్కువ ఎత్తున పోయే విమానానికి ఎదురైన గాలి, పైన పోయే జెట్‌కు అనుకూలంగా ఉండవచ్చు.

విశాఖపట్నానికి ప్రత్యేకంగా ఉన్న పరిస్థితులు రెండు. మొదటిది, ఆ రన్‌వే నావికాదళానిది. ఐఎన్ఎస్ డేగా అన్న నావికా వైమానిక స్థావరంలో పౌర విమానాలకు కేటాయించిన భాగమే మనం వాడే టెర్మినల్. నావికాదళం విమానాలు ఎగిరే వేళల్లో పౌర సర్వీసులకు పరిమితులు ఉంటాయి. రెండవది, చుట్టూ ఉన్న కొండలు. రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది, ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ. ఈ అమరిక వల్ల విమానాలు ఎక్కువగా సముద్రం వైపు నుంచి వచ్చి దిగుతాయి. తిరుపతి నుంచి వచ్చే విమానం నైరుతి నుంచి వస్తూ ఊరిని సమీపించినా, వెంటనే దిగకుండా సముద్రం మీదికి పోయి, అక్కడ వెనక్కి తిరిగి, డాల్ఫిన్స్ నోస్ పక్కగా ఓడరేవు క్రేన్ల మీదుగా రన్‌వేకు చేరుతుంది. కిటికీలోంచి స్టీలు ప్లాంటు కనిపించాక కూడా పది నిమిషాలు గాలిలోనే ఉన్నామని కంగారుపడేవారిని చాలామందిని చూశాను. అది ఆలస్యం కాదు, ఆ విమానాశ్రయానికి ఉన్న దారి అలాంటిది.

అసలైన ఆలస్యం ఎలా ఉంటుందో మా ఇంట్లోనే జరిగిన సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట డిసెంబరులో మా అక్కగారి మనవరాలి నిశ్చితార్థం విజయవాడలో పెట్టుకున్నారు. ముహూర్తం ఉదయం తొమ్మిదిన్నరకు. మా బావగారు ఆమదాలవలస నుంచి ముందు రాత్రి రైలెక్కకుండా, ఎనిమిది గంటల ఐదు నిమిషాలకు గన్నవరం చేరే విమానానికి టికెట్టు తీసుకున్నారు. చలికాలం పొద్దున పూట గన్నవరంలో మంచు దట్టంగా పడుతుంది. ఆ రోజు విశాఖలో ఎండ కాస్తోంది గానీ అక్కడ రన్‌వే కనిపించక, విమానం బయలుదేరడమే నలభై నిమిషాలు ఆలస్యమైంది. పైకి వెళ్లాక మరో ఇరవై ఐదు నిమిషాలు గుండ్రంగా తిరిగింది. ఆయన మండపంలో అడుగుపెట్టేసరికి పదిన్నర. తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది. పెద్ద మనవరాలి శుభకార్యంలో పక్కన నిలబడలేకపోయానన్న బాధ ఆయన ముఖంలో చాలా రోజులు కనిపించింది. ఆ సంస్థ తప్పు చేయలేదు, పైలట్ చేసినది నూటికి నూరుపాళ్లు సరైన పని. గాలిలో తిరుగుతుంటే ఇంధనం అయిపోతుందేమోనని భయపడవలసిన అవసరం కూడా లేదు. గమ్యం చేరడానికి కావలసినది కాక, అక్కడ దిగలేకపోతే మరో విమానాశ్రయానికి పోవడానికి సరిపడా, ఆపైన అరగంట గాలిలో తిరగడానికి సరిపడా నిల్వ లేకుండా విమానాన్ని కదలనివ్వరు. కానీ ముహూర్తం, దర్శనం లాంటి కదపలేని వేళలకు ముందు టికెట్టులోని నిమిషాలను నమ్ముకుని ప్రయాణం పెట్టుకోకూడదని అప్పటి నుంచి అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను.

ఇక మీ రోజును ఇంటి గడప నుంచి లెక్కవేద్దాం. చాలా సంస్థలు బయలుదేరే వేళకు గంట ముందే చెక్-ఇన్ కౌంటరు, ఇరవై ఐదు నిమిషాల ముందు గేటు మూసేస్తాయి. పెద్దవాళ్లతో, సామానుతో వెళ్లేవారు రెండు గంటల ముందు చేరాలి, అంటే ఎనిమిది గంటల ఇరవై నిమిషాల లోపల. రాజాం నుంచి చీపురుపల్లి, విజయనగరం మీదుగా విశాఖ విమానాశ్రయానికి వంద కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో ఒకసారి ఆగడం, నగరంలోకి వచ్చాక రద్దీ కలుపుకుంటే మూడు గంటలు వేసుకోండి. తెల్లవారుజామున ఐదుకే బయలుదేరాలి. పన్నెండింటికి విమానం ఆగితే, దిగి సామాను తీసుకుని బయటికి వచ్చేసరికి పన్నెండున్నర. రేణిగుంట నుంచి తిరుపతి సుమారు పదిహేను కిలోమీటర్లు. అలిపిరి దగ్గర ప్రతి వాహనాన్నీ ఆపి సామానంతా తనిఖీ చేస్తారు. ఆ వరుస ఒక్కో రోజు చిన్నగా, ఒక్కో రోజు చాలా పొడవుగా ఉంటుంది. ఘాట్ రోడ్డు ఎక్కి కొండ మీదికి చేరేసరికి అన్నీ అనుకూలించినా రెండున్నర అవుతుంది. మూడింటికి క్యూ ప్రవేశం. మీ అమ్మగారూ నాన్నగారూ భోజనం ఎప్పుడు చేస్తారు, స్నానం ఎప్పుడు చేస్తారు, కాసేపు నడుం ఎప్పుడు వాలుస్తారు? విమానం ముప్పై నిమిషాలు ఆలస్యమైతే ఆ వేళ దాటిపోయినట్టే. ఇంటి నుంచి కొండ మీదికి తొమ్మిదిన్నర గంటల్లో గాలిలో గడిచేది గంటన్నర కూడా లేదు. మిగిలిన ఎనిమిది గంటలూ నేల మీదివే.

అందుకే నా సలహా, దర్శనం మరుసటి రోజు ఉదయానికి పెట్టుకోండి. వేళ ఇప్పటికే ఖాయమైపోయి ఉంటే విమానాన్ని ఒక రోజు ముందుకు జరపండి. కొండ మీద గానీ, కింద తిరుపతిలో గానీ ఒక రాత్రి విశ్రాంతి తీసుకుంటే పెద్దవాళ్లు స్వామిని ఓపికగా, తృప్తిగా చూసుకుంటారు.

మీ ప్రశ్న చివర భోగాపురం కొత్త విమానాశ్రయం గురించి కూడా ఒక మాట అడిగారు. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఆ విమానాశ్రయాన్ని నిర్మించే బాధ్యత మీ రాజాంకే చెందిన గ్రంధి మల్లికార్జునరావు గారి జీఎంఆర్ సంస్థది, శంకుస్థాపన 2023 మే 3న జరిగింది. భోగాపురం నుంచి ఎక్కితే తిరుపతి ఇంకా దూరం కదా, ఎక్కువ సమయం పడుతుంది కదా అన్నది మీ అనుమానం. నిజమే, ఇప్పటి విమానాశ్రయం నుంచి భోగాపురం ఈశాన్యంగా సుమారు నలభై కిలోమీటర్లు. తిరుపతి గీతను అదే దిశలో వెనక్కి పొడిగించినట్టుగా ఉంటుంది కాబట్టి, 601 కాస్తా 640 దాటుతుంది. ఆ నలభై కిలోమీటర్లకు జెట్ విమానానికి మూడు నిమిషాలు, ఏటీఆర్‌కు ఐదు నిమిషాలు పడుతుంది. అదే సమయంలో మీకు నేల మీద దారి దాదాపు సగానికి తగ్గి, నగరం రద్దీ పూర్తిగా తప్పుతుంది. గంటకు పైగా ఆదా. సిక్కోలు వాళ్లకు, పాలకొండ, నరసన్నపేట వాళ్లకు కూడా ఇదే లెక్క. అనకాపల్లి వైపు ఉన్నవారికి మాత్రం నేల మీద దూరం పెరుగుతుంది. కనుక ఇకపై టికెట్టు తీసుకున్నప్పుడల్లా బయలుదేరే చోట ఏ విమానాశ్రయం పేరు ఉందో ఒకటికి రెండుసార్లు చదువుకుని, ఆ తర్వాతే కారు మాట్లాడుకోండి.

ఆలస్యాల విషయంలో టికెట్టులోని ఆ గంటా నలభై నిమిషాలకు మరో ఉపయోగం కూడా ఉంది. బ్లాక్ టైమ్ రెండున్నర గంటల లోపు ఉండే సర్వీసు రెండు గంటలు, అంతకు మించి ఆలస్యమైతే, వేళకు వచ్చి చెక్-ఇన్ అయిన ప్రయాణికులకు సంస్థ తినడానికి, తాగడానికి ఏర్పాటు చేయాలని పౌర విమానయాన డైరెక్టరేట్ నియమం. మీ నాన్నగారికి షుగరు ఉందని రాశారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకుని కౌంటరులో మర్యాదగా అడగండి. దానితో పాటు మీ దగ్గర కూడా రెండు బిస్కెట్ ప్యాకెట్లు ఉంచుకోండి.

మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు. చక్రాల కుర్చీ కావాలని రెండు రోజుల ముందే సంస్థకు చెప్పి, దాన్ని టికెట్టులో నమోదు చేయించండి. అప్పటికప్పుడు కౌంటరులో అడిగితే దొరకవచ్చు గానీ, దాని కోసం వేచి ఉండే ఇరవై నిమిషాలు మీ లెక్కలో లేవు. ఇంకో సంగతి. ఏటీఆర్‌లో ప్రయాణికులు ఎక్కేది, దిగేది వెనుక తలుపు నుంచి, ముందు భాగంలో సామాను పెడతారు. ముందు వరుసలు మంచివనుకుని చాలామంది అవే కోరుకుంటారు, చివరికి అందరికంటే ఆఖరున దిగుతారు. మీ ముగ్గురికీ వెనుక వరుసల్లో సీట్లు తీసుకోండి. అమ్మగారు నడవాల్సింది నాలుగడుగులే ఉంటుంది, మెట్లు కూడా కొద్దిగానే ఉంటాయి, సామాను వచ్చేలోగా మీరు బయటికి వెళ్లి కారు పిలుచుకోవచ్చు.